ఇనుప బాట పక్కన నాచు

అరచేయి వాసన చూసుకుంది గీతిక.

వానలో తడిసిన కమ్మీ పట్టుకుని నడిచిందేమో, చేతినిండా ఇనుము వాసన. సబ్బుతో కడిగినా పోదు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే పులిహోర కూడా అదే వాసన వేస్తున్నట్టు అనిపిస్తుంది.

పాత బాటకు ఈ వాసన లేదు.

పాత బాట చెక్కది. తడిస్తే నల్లబడేది, ఎండితే బూడిద రంగుకు వచ్చేది. ప్రతి పలకకూ ఒక మూలుగు ఉండేది. ఎక్కడ జారుతుందో, ఎక్కడ కుంగుతుందో కళ్లకన్నా ముందు కాళ్లకు తెలిసేది. ఇప్పుడు అది లేదు. దాని చోట జింకు పూత పూసిన ఇనుప జాలీ... మెరుస్తూ, తిన్నగా, ఎవరినీ ఎరగనట్టు ఉంటుంది.

అప్‌గ్రేడ్ అన్నారు.

మ్యూనిక్‌లో ఎస్-బాన్ రైలు ఎక్కి, చివరి స్టేషన్‌లో దిగి, బస్సు పట్టుకుని, బస్సు దిగాక అడవిలో నడిస్తే వచ్చే పరిశోధనా కేంద్రం ఇది. ఇన్నేళ్లుగా ఇక్కడ ఎవరూ ఒక కొత్త మేకు కొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కసారిగా అన్నీ వచ్చిపడ్డాయి. కొత్త హీటింగ్. కొత్త ల్యాబ్. తాళంచెవులకు బదులు కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు. పెరట్లో చెక్క గదికి బదులు లోపల తెల్లటి టైళ్ల టాయ్‌లెట్. అన్నిటికన్నా గొప్పగా, ఊబినేల మీద ఈ ఇనుప బాట.

అందరూ సంతోషించారు.

గీతిక కూడా సంతోషించింది. కాకపోతే ఆమెకు సంతోషం వచ్చినప్పుడల్లా పక్కనే ఒక అనుమానం వచ్చి కూర్చుంటుంది. పాలు మరీ తెల్లగా ఉన్నా తాగే ముందు ఒకసారి వాసన చూసే రకం. చదువు దానికి పరిశోధన అని పేరు పెట్టింది, అంతే.

ఇక్కడి నేల నేల కాదు.

వేల ఏళ్ల నాచు. చచ్చిన నాచు మీద బతికిన నాచు, దాని మీద మళ్లీ నాచు. జర్మన్లు మూర్ అంటారు. వాగు నీరు దీనికి అందదు, ఊట నీరు అందదు. వాన ఏమి తెచ్చిపెడితే అదే తిండి. పుట్టిన దగ్గర్నుంచీ అర్ధాకలికి అలవాటు పడ్డ నేల. ఎరువు దీనికి పడదు. బలమైనది ఏది పెట్టినా చచ్చిపోతుంది.

ఆ నాచు ఊపిరి కొలవడం గీతిక పని.

నాచులో పాతిన రింగు మీద అద్దం లాంటి పెట్టె బోర్లిస్తుంది. లోపల చేరే గాలిని కొలుస్తుంది. బాట మీద మోకాళ్లు మోపి కూర్చుని, నేల కుదుటపడే దాకా కదలకూడదు. దగ్గు వచ్చినా మింగాలి. ఒక్క అడుగు నాచు మీద పడిందంటే ఆ మచ్చ ఏళ్ల తరబడి మానదు. ఆమె పీహెచ్‌డీ మొత్తం ఆ రింగుల్లోనే ఉంది.

అందుకే ఇక్కడ కొన్ని కట్టుబాట్లు.

బాట దిగకూడదు. గేటు దగ్గర బూట్లు బ్రష్‌తో రుద్దుకోకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. అరటి తొక్క కాదు కదా, టీ చుక్క కూడా పడనివ్వకూడదు.

ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు నవ్వు ఆపుకుంటూ చెప్పేది. ఎంత దూరంలో ఉన్నా, ఎంత అర్జెంటయినా, ఒంటికి వెళ్లాలంటే వెనక్కి రావాల్సిందే. మనిషి ఒంట్లోంచి వచ్చేది ఈ నాచుకు ఎరువు కింద లెక్క. అర్ధాకలి నాచుకు అది విషం.

నవ్వులాటగా చెప్పినా ఆ మాట ఎవరూ తప్పరు. తప్పరని అందరి నమ్మకం.

గీతికకు నమ్మకాలు తక్కువ.

మంచు కరిగాక మొదటిసారి చూసింది.

బాట పక్కన, తన రింగుల చుట్టూ, నాచు రంగు మారింది. ఎరుపూ పచ్చా కలిసిన ఆ నిండు రంగు పోయి, నానబోసి మరిచిపోయిన అటుకుల్లా పాలిపోయింది. వేలితో నొక్కింది. నొక్కిన చోటు మళ్లీ పైకి లేవలేదు.

ఎండేమో అనుకుంది. ఎండ ఇంకా ముదరలేదు.

నీటి మట్టం తగ్గిందేమో అనుకుంది. నీళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి.

పెట్టె తప్పుగా కొలుస్తోందేమో అనుకుంది. పెట్టెను మార్చింది. కొత్త పెట్టె కూడా అదే చెప్పింది... ఊపిరి ఆగిపోతోంది అని.

ఎండ కాదు, నీరు కాదు, పెట్టె కాదు.

అయితే మనిషి.

మనిషి అనుకోగానే ఆమెకు కొంచెం ఊరట కలిగింది. ఎందుకో మరి.

ఈ బాట మీద రోజూ నడిచేది ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు కౌశల్.

కౌశల్‌ది తెనాలి. మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, థీసిస్ ఇక్కడ. పని బాట చివర, ఊబినేలకు అవతలి అంచున... నీటి గొట్టాల్లో మట్టం చూడటం, నీటి నమూనాలు సీసాల్లో పట్టడం. పొద్దున్నే గీతిక రింగుల పక్కనుంచి వెళ్తాడు. సాయంత్రం మళ్లీ వాటి పక్కనుంచే వస్తాడు. చేతిలో ఎప్పుడూ పెద్ద థర్మోస్ ఫ్లాస్కు. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాత పాట.

మంచివాడు. బస్సు తప్పిపోయిన రోజు తన సైకిల్ ఇచ్చి తను నడిచి వెళ్లినవాడు. జ్వరం వస్తే చారు కాచి తెచ్చినవాడు.

కానీ అనుమానానికి అవన్నీ గుర్తుండవు. దానికి గుర్తుండేవి వేరే.

నాచు పాలిపోయిందని చూపించినప్పుడు కౌశల్ ఏమన్నాడో గుర్తుంది.

"మా తెనాలి వైపయితే ఈపాటికి ఒక బస్తా యూరియా కొట్టేసేవాళ్లం గీతికా. దెబ్బకి లేచి కూర్చునేది."

అప్పుడు ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు ఆ నవ్వు తీసేసి మాట ఒక్కటే పెట్టుకుని చూస్తే... యూరియా. ఒంటికి వెళ్తే నేలలో పడేదీ అదే. ఎందుకు ఆ మాటే వచ్చింది నోటికి?

పొద్దున వెళ్లినవాడు సాయంత్రం దాకా రాడు. మధ్యలో ఒక్కసారి కూడా రాడు. అంత పెద్ద ఫ్లాస్కు మోసుకెళ్లేవాడు, అన్ని గంటలు...

ఛీ, అనుకుంది.

మర్నాడు మళ్లీ అనుకుంది. ఈసారి ఛీ అనలేదు.

ఒక సాయంత్రం అతను తిరిగి వస్తుంటే అడిగింది.

"పొద్దున పోయినోడివి ఇప్పుడే వస్తున్నవా? మధ్యల రాలేదా?"

"రావడం ఎందుకు? అక్కడ పనంతా వదిలేసి."

"మరి... అవసరమైతే?"

"అవసరం రానివ్వను." నవ్వాడు. పాట అందుకుని వెళ్లిపోయాడు.

రానివ్వను. అదేం జవాబు? ఎవరైనా అవసరాన్ని రానివ్వకుండా ఎలా ఉంటారు? గీతిక ఆ మాటను రాత్రంతా నమిలింది.

చూడటం మొదలుపెట్టింది. పెట్టె మీద వంగి ఉన్నట్టే ఉండి కంటి కొసతో చూసేది. అతను ఎక్కడ ఆగుతాడు? ఎందుకు ఆగుతాడు? బూటు లేసు కట్టుకోవడానికి ఆగితే లేసు కోసమేనా అని. తూనీగను ఫొటో తీస్తే తూనీగ కోసమేనా అని.

ఏమీ కనబడలేదు.

ఏమీ కనబడకపోతే దాచుతున్నాడని అర్థం.

రంగనాథ్ గారు వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది.

కేంద్రానికి ఇంజనీరు ఆయన. ముప్పై ఏళ్లకు పైగా జర్మనీలో ఉంటున్నారు. ఈ అప్‌గ్రేడ్ అంతా ఆయన చేతుల మీదుగా జరిగింది. హీటింగ్ గొట్టం దగ్గర్నుంచి కార్డు తలుపు దాకా. ఇనుప బాట ప్లాను ఆయన స్వయంగా గీశారు. బాట మీద నడిచినప్పుడల్లా కమ్మీని ఒకసారి తడిమి చూసుకుంటారు, పిల్లాడి తల నిమిరినట్టు. వేసవిలో ప్రారంభోత్సవం. డైరెక్టర్ వస్తారు, మంత్రిత్వశాఖ వాళ్లు వస్తారు.

పాలిపోయిన నాచు వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఎవరైనా బాట దిగుతున్నారంటావా అమ్మా?"

"దిగినట్టు లేదండి. అడుగు గుర్తులు లేవు."

"మరి?"

గీతిక అప్పుడే ఆగిపోవాల్సింది. తెలియదని చెప్పాల్సింది. నిజంగా తెలియదు కూడా.

"కౌశల్ పొద్దున పోతే సాయంత్రం దాకా వెనక్కి రాడండి. ఒక్కసారి కూడా వచ్చినట్టు నాకైతే కనపడలే."

రంగనాథ్ గారికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహంలో ఏదో సడలింది. కోపం రావాల్సిన చోట ఆయనకు తేలికైనట్టు కనబడింది.

"ఆ మాత్రం చెప్పావు, చాలమ్మా. నేను చూసుకుంటాను."

ఆయన వెళ్లిపోయాక గీతికకు అనిపించింది... ఇంత తొందరగా ఎలా నమ్మాడు ఈయన?

మర్నాడు కౌశల్ కార్డు పని చేయలేదు.

మూర్ వైపు తలుపు దగ్గర నిలబడి చూపిస్తున్నాడు. ఎర్ర దీపం. తుడిచి మళ్లీ చూపించాడు. ఎర్ర దీపం. వెనక గీతిక తన కార్డు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపించింది. పచ్చ దీపం వెలిగింది.

"కొత్త సిస్టమ్ కదా, ఏదో గొడవయి ఉంటుంది" అన్నాడు కౌశల్.

గొడవ కాదు. మధ్యాహ్నానికి తెలిసింది. విచారణ అయ్యే దాకా అతను మూర్‌లోకి వెళ్లకూడదు. సెల్లార్‌లో కూర్చుని పాత మట్టి నమూనాల్లోంచి మొక్కల వేళ్లు ఏరాలి. ఏం విచారణో, ఎవరు చేస్తారో ఎవరూ చెప్పలేదు.

మూర్‌లోకి వెళ్లకపోతే నీటి మట్టాలు లేవు. మట్టాలు లేకపోతే థీసిస్ లేదు. థీసిస్ పూర్తి కాకుండా సెమిస్టర్ అయిపోతే... వీసా పొడిగింపుకు ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అప్పటికే తీసుకుని ఉన్నాడు. అక్కడికి ఏం పట్టుకుని వెళ్తాడు?

ఆ సాయంత్రం బస్టాప్‌లో అడిగాడు.

"ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా గీతికా?"

"నాకేం ఎరుక?"

"అదే... ఊరికే అడిగాను."

బస్సు వచ్చింది. ఒకే సీటులో పక్కపక్కనే కూర్చున్నారు. కౌశల్ పాట పాడలేదు.

తర్వాతి రోజుల్లో సెల్లార్‌లో నీళ్లు చాలా తాగేవాడు. బాటిల్ మీద బాటిల్. గీతిక చూసి ఊరుకోలేక అడిగింది, అన్ని నీళ్లు ఎందుకని.

"లోపలి పనిలో ఒక సుఖం ఉందిలే. దాహమేసినప్పుడు తాగొచ్చు."

అందులో ఏముందో ఆమెకు అప్పుడు తట్టలేదు.

కౌశల్ లేని బాట.

కౌశల్ లేని పొద్దు. కౌశల్ లేని సాయంత్రం.

నాచు మాత్రం చస్తూనే ఉంది.

ఇంతకు ముందు బెత్తెడు ఉన్న పాలిపోయిన పట్టీ ఇప్పుడు మూరెడయింది. గీతిక మోకాళ్ల మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. పాత తప్పు ప్రభావం ఇప్పుడు కనబడుతోందేమో. లేకపోతే వాడు ఎవరూ లేనప్పుడు వస్తున్నాడేమో, అడవి వైపు నుంచి... కోపంతో...

అంత దూరం వెళ్లింది ఆమె ఆలోచన. వెళ్లాక వెనక్కి చూసుకుని తనకే సిగ్గేసింది.

తెనాలి కుర్రాడు, రెండు స్వెట్టర్లు వేసుకున్నా వణికేవాడు, చీకట్లో అడవి దాటి వచ్చి నాచు మీద కసి తీర్చుకుంటాడా? ఎవరైనా వింటే నవ్విపోతారు.

అప్పుడు వాన మొదలైంది.

పెట్టె సర్దుకుని పరుగెత్తి కేంద్రం చూరు కింద నిలబడింది. ఎదురుగా పాత షెడ్డు. అప్‌గ్రేడ్ ఇంకా దాని దాకా రాలేదు. పెంకుల కప్పు నిండా నాచు, మందంగా, పచ్చగా, దుప్పటి కప్పినట్టు. రోజూ చూసే కప్పే.

పొగగొట్టం కింద మాత్రం నాచు లేదు.

పొగగొట్టం మొదలు దగ్గర నీరు కారకుండా జింకు రేకు చుట్టారు. ఆ రేకు కింద నుంచి చూరు దాకా పెంకులు ఎర్రగా, కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. రేకు ఎంత వెడల్పో అంత వెడల్పున. దాని మీద పడ్డ వాన ఎటు జారిందో అటంతా నాచు లేదు. ఒక్క పోచ లేదు.

గీతిక వానలోకి దిగింది.

ఇనుప బాటకూ అదే జింకు పూత. దాని మీద వంగి చూసింది. జాలీ అంచు నుంచి బొట్టు జారి నాచు మీద పడుతోంది. కమ్మీ కొస నుంచి ఇంకో బొట్టు. బొట్టు పడే చోటల్లా నాచు తెల్లగా ఉంది. అడుగు పడకుండా నాచును కాపాడటానికి వేసిన బాట... అదే దాని నెత్తిన వాన కురిసినప్పుడల్లా విషం పోస్తోంది.

అప్పుడు చివరి దాకా నడిచింది.

ఇన్నాళ్లూ అక్కడికి వెళ్లలేదు. అది కౌశల్ చోటు, తన పని అక్కడ లేదు. ఇనుము సరిపోకో మరెందుకో బాట చివరి ముక్క ఇంకా మార్చలేదు. పాత చెక్క పలకలే. తడిసి నల్లగా, మూలుగుతూ.

దానికి రెండు పక్కలా నాచు ఎర్రగా, పచ్చగా, నిండుగా ఉంది. కీటకాలను తినే చిన్న మొక్కలు జిగురు చుక్కలతో మెరుస్తున్నాయి. కౌశల్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడిన చోటు. వాడు తప్పు చేసి ఉంటే మొదట చావాల్సింది ఇక్కడి నాచు.

ఇక్కడే ఏమీ కాలేదు.

ఇంత చూసిన తను, ఇన్ని రోజులు కంటి కొసతో వాణ్ని కాపలా కాసిన తను, వాడు నిలబడే చోటుకు వచ్చి ఒక్కసారి కిందికి చూడలేదు.

అవసరం రానివ్వను అన్నాడు. దాహమేసినప్పుడు తాగొచ్చు అన్నాడు. ఎందుకైనా మంచిదని ఫ్లాస్కు నిండుగా తీసుకెళ్లి నిండుగానే వెనక్కి తెచ్చేవాడన్న మాట. పొద్దంతా గొంతు ఎండబెట్టుకుని నిలబడేవాడు, ఈ నాచు కోసం.

గీతిక వానలో అక్కడే ఏడ్చింది.

రంగనాథ్ గారు అంతా విన్నారు. టేబుల్ మీద బాట నమూనా ఉంది, చిన్నది, అట్టతో చేసింది. దాని వైపే చూస్తూ విన్నారు.

"ఈ దేశంలో ఏ వంతెన చూసినా జింకు పూతేనమ్మా. ఎక్కడా ఏమీ కాలేదు."

"వంతెనల కింద మూర్ లేదు కదండీ."

"కొత్తలో అలాగే ఉంటుంది. నాలుగు వానలు పడితే కడుక్కుపోతుంది" అన్నారు.

గీతిక తల ఎత్తింది. ఏం కడుక్కుపోతుంది? ఏమీ లేదన్నవాడికి కడుక్కుపోయేది ఉందని ఎలా తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు? ఆ రోజు నాచు వైపు చాలాసేపు చూసినప్పుడా? అంతకు ముందా? కౌశల్ పేరు వినగానే ఆయన మొహంలో సడలింది ఏమిటి?

అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తారు. దాన్ని నమ్మాలో వద్దో మళ్లీ తనే తేల్చుకోవాలి. మనిషిని చూసి నిజం పట్టుకోగలనన్న ధీమా ఆమెకు ఇప్పుడు లేదు.

"కౌశల్ కార్డు రేపటి నుంచి పని చేస్తుంది. ఈ జింకు సంగతి మాత్రం ప్రారంభోత్సవం అయ్యాక మాట్లాడుకుందాం. సరేనా అమ్మా?"

"డైరెక్టర్‌కు అంతా రాసి పంపేసిన అండి. మీ దగ్గరికి వచ్చే ముందే."

రంగనాథ్ గారు అట్ట బాటను కొంచెం పక్కకు జరిపారు. మళ్లీ ఉన్న చోటికే జరిపారు.

డైరెక్టర్ జవాబు సాయంత్రానికి వచ్చింది. పరిశీలిస్తామని.

మర్నాడు పొద్దున సెల్లార్ మెట్ల దగ్గర కౌశల్ కనిపించాడు. ఫ్లాస్కు చేతిలో ఉంది.

గీతిక రాత్రంతా మాటలు పేర్చుకుంది. ఒక్కటీ వరసలో రాలేదు.

"కౌశల్, నీ గురించి చెప్పింది నేనే."

"తెలుసు."

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"కార్డు పని చేయని రోజే. రంగనాథ్ గారే చెప్పారు. గీతిక కళ్లారా చూసిందట అన్నారు."

"నేను చూసిన అనలేదు... కనపడలే అన్న, గంతే..."

"సర్లే. ఇప్పుడు అదంతా ఎందుకు."

తెలిసే అడిగాడు బస్టాప్‌లో. తెలిసే పక్కన కూర్చున్నాడు. రోజూ సెల్లార్‌లో తెలిసే పలకరించాడు. గీతిక అతని మొహంలో తప్పు వెతుకుతున్నన్ని రోజులూ, అతను ఆమె మొహంలో ఒక్క మాట కోసం వెతుకుతూ ఉన్నాడు.

"తప్పయింది" అంది.

అతను తల ఊపాడు. సరే అన్నాడో, విన్నాను అన్నాడో.

మూర్ తలుపు దగ్గర కార్డు చూపించాడు. పచ్చ దీపం. ఇద్దరూ బూట్లు రుద్దుకున్నారు. ఎప్పుడూ అతనే ముందు నడిచేవాడు, దూరం వెళ్లాల్సినవాడు కాబట్టి. గీతిక పక్కకు జరిగి దారి ఇచ్చింది.

కౌశల్ కదల్లేదు.

"నువ్వు నడువు."

"నీదే కదా దూరం. పో."

"నువ్వు నడువు గీతికా." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు వెనకుంటే నాకు నడక రావట్లేదు."

గీతిక ముందు నడిచింది.

కాళ్లు ఎక్కడ వేస్తోందో తెలుస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎప్పుడూ లేనిది వీపు మీద చలిగా ఉంది. తన రింగుల దగ్గరకు వచ్చినా ఆగలేదు, ఆగితే ఎందుకు ఆగిందో చెప్పాలేమో అనిపించి.

వెనక అడుగులు వినబడుతున్నాయి. వినబడుతున్నాయి... ఆగిపోయాయి.

లేసు ఊడిందా? తూనీగ కనబడిందా? లేక నిలబడి తననే చూస్తున్నాడా?

తిరిగి చూడాలనిపించింది. చూస్తే అతను ఏమనుకుంటాడోనని చూడలేదు.